సాంచలు ఆగిన నాటి శృతి

మొన్న జగిత్యాలలో చూపులేని పిల్లల కోసం పెట్టిన ఒక సభకు నన్ను కూడా పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, చేతికో చల్లని నీళ్ళ సీసా ఇచ్చారు. కథలాపూర్ నుంచి వచ్చిన ఓ పన్నెండేళ్ళ పిల్ల, నాలాగే పుట్టుగుడ్డిది, కీబోర్డు మీద పాశ్చాత్య సంగీతపు ముక్క ఒకటి వాయించింది. కుడిచెయ్యి చక్కగానే నడిచింది కానీ, రెండో భాగానికి వచ్చేసరికి ఎడమచెయ్యి వెనకబడి, అలసిన ఎద్దులా ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ సంగతి నాకు తెలిసింది, ఆ పిల్లకూ తెలిసే ఉంటుంది. హాలు మాత్రం చప్పట్లతో దద్దరిల్లింది. ఆ తరువాత మైకు అందుకున్న పెద్దమనిషి, కళ్ళు తీసుకున్న దేవుడు ఈ బిడ్డ చెవుల్లో వరం పోశాడని, తప్పొప్పులు ఎంచడానికి మనమెవరమని, గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. నా పక్కనున్నావిడ ఏడుస్తోంది కాబోలు, ముక్కు ఎగబీల్చింది. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ వరం మాట నా బొడ్డు కోసిన నాటి నుంచీ వింటున్నాను. నా చెవులు ఎవరో పోసిన వరం కావు, కందిపప్పులో రాళ్ళేరినట్టు ఒక్కొక్క ధ్వనినీ ఏరుకుని నేను చేసుకున్నవి. మీరు కూడా నా ఈడు వాళ్ళయితే, క్యాసెట్టు రీలు బయటికొస్తే పెన్సిలు పెట్టి తిప్పిన తరం వాళ్ళయితే, నేను చెప్పబోయేది మీకు ఇట్టే అర్థమవుతుంది. ఇప్పటి పిల్లలకు చెప్తే కరెంటుకూ శృతికీ ఏమిటి సంబంధం అంటారు.

మాది బోయినపల్లి. సెంటు భూమి లేని ఇల్లు. మా బాపు, అంటే నాన్న, పరాయి పొలాల్లో పని విడిచిపెట్టి సిరిసిల్లకు వచ్చి సాంచల కార్ఖానాలో చేరాడు. మరమగ్గాలను మావైపు సాంచలంటారు. కార్ఖానా గోడకు ఆనుకునే మా అద్దె ఇల్లు. పొద్దున సాంచలు మొదలయ్యాయంటే మా గోడ, గోడ మీది గూట్లోని గిన్నెలు, నేను ఆనుకున్న తలుపు, అన్నీ కలిసి ఒకటే తాళంలో అదిరేవి. మా అవ్వ, అంటే అమ్మ, మా అక్క, నేను ముగ్గురం చాటలు ముందేసుకుని బీడీలు చుట్టేవాళ్ళం. ఆకు తడి, కొస మడిచేటప్పుడు బొటనవేలి గోరు నొక్కు, దారం బిగువు, ఇవన్నీ వేళ్ళతో చూసే పనులే కాబట్టి ఆ పనిలో నేనెవరికీ తీసిపోలేదు. మేము వెళ్ళే చర్చి అప్పట్లో రేకుల షెడ్డు. వానొస్తే కురుస్తుందని చర్చి హార్మోనియాన్ని మా ఇంట్లోనే ఉంచేవారు, ఆదివారం పొద్దున బాపు దాన్ని భుజాన పెట్టుకుని తీసుకుపోయేవాడు. మిగిలిన రోజుల్లో దాని మీద పెత్తనం నాదే.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. గుడ్డిపిల్ల అనగానే గొంతు తేనెలా ఉంటుందని లోకం ఎందుకనుకుంటుందో నాకు ఈనాటికీ అంతుబట్టదు. బస్సుల్లో, బస్టాండుల్లో పాడుకుని బతికే వాళ్ళను చూసి అలా అలవాటుపడ్డారేమో. నా గొంతు పగిలిన తగరపు డబ్బా. అయినా పండుగొచ్చినా, పబ్బమొచ్చినా, ఎవరింట్లో ప్రార్థన పెట్టినా నన్ను ముందుకు తోసి పాడమనేవాళ్ళు. పాడితే జాలిపడి శభాష్ అనేవాళ్ళు, పాడకపోతే పొగరనేవాళ్ళు. నేను మూతి బిగించుకుని కూర్చునేదాన్ని. "గుడ్డిపిల్ల పాట పాడకుంటె ఇంకేం జేస్తదే?" అని ఒకసారి చర్చి పెద్ద ఒకాయన అక్కనడిగితే, అది తడుముకోకుండా "మీకు చూపున్నది గద, మీరు బొమ్మలేస్తరా?" అన్నది. ఇంటికొచ్చాక అవ్వ దాని వీపు మీద రెండిచ్చింది, నాకు మాత్రం ఆనాటి నుంచి మా అక్క మీద ఎక్కడలేని ప్రేమ.

నాకు పద్నాలుగేళ్ళున్నప్పుడు బంధువుల పెళ్ళికి కోరుట్ల వెళ్ళాం. అక్కడి పెద్ద చర్చిలో ఎప్పుడో తెల్లదొరలు విడిచిపోయిన పియానో ఒకటుండేది. పెళ్ళికూతురు లోపలికి నడిచి వస్తుంటే అది మోగింది. హార్మోనియం స్వరాన్ని మనిషి ఊపిరిలా సాగదీస్తుంది, ఇదేమో ఒక్కో స్వరాన్నీ పుట్టించి, మన చేతికిచ్చి, తన పాటికి తాను చల్లగా తప్పుకుంటోంది. పెళ్ళి సంగతి, విందు సంగతి నాకేమీ గుర్తులేవు. అందరూ భోజనాలకు లేవగానే అక్క చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి పోయి, దాని మూత, దాని మెట్లు, దాని కాళ్ళ దగ్గరి పెడళ్ళు అన్నీ తడిమాను. వాయించినావిడ అక్కడే కూర్చుని ఉంది. ఆ చర్చి పాస్టరు గారి భార్య, అందరూ పాస్టరమ్మ అనేవారు. సికింద్రాబాదులో పుట్టి పెరిగి, చిన్నప్పుడే పద్ధతిగా పియానో నేర్చుకుని, పెళ్ళై ఇటు వచ్చిన మనిషి.

నాకిది నేర్పమని అడిగాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి తన చేతిలోనే ఉంచుకుంది. తరువాత మెత్తగా, "ఎట్ల నేర్పుదు బిడ్డా, గిది కాయితం మీద రాసింది చూస్కుంట వాయించేది. నీకు కష్టమైతది. మంచిగ పాటలు పాడుకో" అన్నది. పాట మాట వినగానే నా మొహం ఎలా మారిందో, ఆవిడ లోపలికెళ్ళి ఒక క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఎప్పుడో యూరప్‌లో బతికిన ఒక మహానుభావుడు రాసిన సొనాటా అనే చిన్న పియానో రచనను తానే వాయించి నింపుకుందట. ఇంట్లో వినుకుంటూ సంతోషంగా ఉండమన్నది. ఆవిడ మనసు మంచిదే, కాదనను. ఏడ్చే పిల్లకు బెల్లంముక్క ఇచ్చి పంపిస్తోందని మాత్రం నాకర్థమైంది. ఆ బెల్లం తినకూడదని కోరుట్ల నుంచి వచ్చే బస్సులో, కథలాపూర్ దాటుతుండగానే నిశ్చయించుకున్నాను. ఇది విని మురిసిపోవడానికి కాదు, మొత్తం నేర్చుకుని తిరిగి వెళ్ళి ఆవిడ ముందే వాయించి, ఇప్పుడు నేర్పుతారా లేదా అని అడగడానికి.

దుబాయి పోయిన మా మేనమామ పంపిన టేపురికార్డరు ఒకటి మా ఇంట్లో ఉండేది. అవ్వ దాన్ని గుడ్డ కప్పి దేవుడి పటంలా చూసుకునేది. ఒక వానాకాలమంతా, పగలు బీడీలు చుడుతూ ఆ క్యాసెట్టును పెట్టించుకుని వినేదాన్ని. ఓ చిన్న ముక్క వినడం, ఆపమనడం, హార్మోనియం మీద మెట్లు వెతకడం. పియానోకు రెండు చేతులూ కావాలి, హార్మోనియానికి ఒక చెయ్యి తిత్తి కొట్టడానికే పోతుంది కదా, అందుకని అక్క ఎదురుగా కూర్చుని తిత్తి కొట్టేది. బీడీల లెక్క తగ్గుతోందని అవ్వ సణుగుడు. "గొంతుంటె పాడు, లేకుంటె బీడీలు చెయ్యి, నడుమ గా డబ్బ లొల్లి ఏందే మీది?" అనేది. అన్నదే గానీ, మేము ఆ డబ్బా ముందేసుకుంటే మా వాటా ఆకు కూడా తనే కత్తిరించి పెట్టేది.

ఆ ముక్క నల్ల మెట్ల మీద ఎక్కువగా నడిచేది. నాకది ఎంతో హాయిగా ఉండేది. తెల్ల మెట్లన్నీ ఒకే ఎత్తులో, గట్లు లేని పొలంలా ఉంటాయి, ఎక్కడున్నామో వేలికి తెలియదు. నల్ల మెట్లు రెండు ఒకచోట, మూడు ఒకచోట పైకి లేచి ఉంటాయి కాబట్టి దారి అవే చెప్తాయి. ఎవరో పుణ్యాత్ముడు గుడ్డివాళ్ళను తలుచుకునే రాశాడనుకున్నాను.

మధ్యలో ఒక వింత జరిగింది. కూలి రేట్ల కోసం సాంచలు నడిపేవాళ్ళు సమ్మె కట్టారు. ఒక పొద్దున లేచేసరికి ఊరంతా చప్పుడు లేదు. గోడ అదరడం లేదు, గిన్నెలు మోగడం లేదు, పక్కింటి వాళ్ళ మాటలు కూడా వినపడుతున్నాయి. ఎప్పటిలాగే క్యాసెట్టు పెట్టించుకుంటే, ఆ సంగీతం ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతూ, సన్నగా, పైశృతిలో మోగింది. హార్మోనియం మీద నా మెట్లు దానికి అసలు కలవడం లేదు. "అక్కా, టేపు ఖరాబైందే, ఉరుకుతున్నది" అని ఏడుపు గొంతుతో అంటే, అది క్యాసెట్టు బయటికి తీసి, ఊది, తుడిచి మళ్ళీ పెట్టింది. అదే వరస. సమ్మె ముగిసేదాకా ఇక దాన్ని ముట్టుకోలేదు. సాంచలు మళ్ళీ నడిచిన రోజు భయపడుతూ పెట్టి చూస్తే, నా సంగీతం నిమ్మళంగా, గంభీరంగా తన పాత శృతికి వచ్చేసింది. దేవుడు దయతలచి టేపు బాగుచేశాడని ఇద్దరం సంబరపడ్డాం.

వానలు వెనకబట్టాక అక్కను వెంటబెట్టుకుని కోరుట్ల వెళ్ళాను. పాస్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టి చాయ్ ఇచ్చింది. చాయ్ పక్కన పెట్టి, ఒక్కసారి పియానో ముందు కూర్చోనివ్వమన్నాను. హార్మోనియం మెట్ల మీద నేర్చిన వేళ్ళు కదా, పియానో మెట్లు బరువుగా తోచాయి, మొదట్లో ఒకటి రెండు స్వరాలు మూగబోయాయి, తరువాత దారిన పడ్డాను. చివరిదాకా వాయించాను. వాయించి, శభాష్ కోసం ఎదురుచూశాను. అలవాటైన మాట కదా, దాన్ని ఎంత అసహ్యించుకున్నా అప్పుడు మాత్రం కావాలనిపించింది.

ఆవిడ శభాష్ అనలేదు. "గిట్ల వాయించుమని ఎవరు నేర్పిండ్రు నీకు?" అన్నది. మీ క్యాసెట్టే అన్నాను. తాను సి మేజర్‌లో వాయించానని, అంటే దాదాపుగా అన్నీ తెల్ల మెట్లేనని, నేను దాన్ని సగం మెట్టు కిందికి దింపి, ఉన్న నల్ల మెట్లన్నీ ఎక్కి దిగుతూ వాయించానని చెప్పింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. మీరిచ్చింది ఎట్లుందో అట్లనే వాయించిన, మీరే మరిచిపోయిండ్రన్నాను. పెద్దావిడతో ఆ మాట అన్నందుకు అక్క నా జబ్బ గిల్లింది. ఆవిడ క్యాసెట్టు తీసుకుని తన టేపులో పెట్టింది. సమ్మె నాటిలాగే సన్నగా, వేగంగా, పైశృతిలో మోగింది.

"గిది గా క్యాసెట్టు గాదు" అన్నాను నేను. అప్పుడు మా అక్క మెల్లగా, "అమ్మగారూ, సాంచలు బందైన నాడు మా ఇంట్ల గూడ గిట్లనే మోగింది. సాంచలు నడుస్తుంటె మాకు లైటు గూడ ఎర్రగనే ఎల్గుతది" అన్నది. ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. సిరిసిల్లలో సాంచలన్నీ నడుస్తుంటే కరెంటు నీరసించేది, మా టేపు సగం మెట్టు దిగి పాడేది. నిజమైన శృతి మా ఇంటికి వచ్చింది సాంచలు ఆగిన ఆ కొద్దిరోజులే, వస్తే నేను దాన్ని చెడిపోయిందన్నాను.

పాస్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "తప్పు. మల్ల నేర్సుకోని రా. సరైన శృతిల వాయిస్తె నిన్ను శిష్యురాలిగ తీస్కుంట" అన్నది. నేను కుదరదన్నాను. స్వరాల వరస తప్పిందా, తాళం తప్పిందా, ఎక్కడైనా ఒక్కటి విడిచిపెట్టానా అని అడిగాను. లేదన్నది. మరి రాసినాయన కోరుట్ల దాకా వచ్చి నన్ను అడుగుతాడా అన్నాను. నల్ల మెట్లయితే నాకు దారి తెలుస్తుంది, నేను మార్చనన్నాను. దానికి ఆవిడ గొంతు పెంచింది. "నీకు దారి తెల్సిన వాడల్నే తిరుగుతవా బతుకంత? రేపు పదిమందితోని కల్సి వాయిస్తె, ఆ పదిమంది నీ టేపు కాడికి దిగొస్తరా?" అన్నది. నేను లేచి, చాయ్ కూడా తాగకుండా, అక్కను లాక్కుని బయటికి వచ్చేశాను.

బస్సులో దారి పొడుగునా కోపంతో నా ఒళ్ళు కాలింది. ఇక ఆ గడప తొక్కేది లేదని అక్కతో ఒట్టు పెట్టించుకోబోయాను, అది పెట్టలేదు. ఇంటికొచ్చి బీడీల చాట ముందేసుకున్నాను, చేతులు పని చేస్తున్నాయి కానీ చెవుల్లో ఆవిడ మాటే. తప్పు. మల్ల నేర్సుకోని రా. నెమరేసిన కొద్దీ ఆ మాటలో ఏదో రుచి తగలడం మొదలైంది. పుట్టిన నాటి నుంచీ నాతో అలా అన్నవాళ్ళు లేరు. వంకరగా పాడినా శభాష్, అసలు పాడకపోయినా పాపం, కింద పడితే అయ్యో, లేచి నడిస్తే ఆహా. నేను చేసిన పనిని పనిగా తూచి, ఇక్కడ తక్కువైంది అని ముఖం మీద చెప్పిన మొదటి మనిషి ఆవిడే. చూపున్న పిల్లలకు రోజూ దొరికే తిట్టు అది, నాకు పద్నాలుగేళ్ళకు దొరికింది. ఆ సాయంత్రం చాట పక్కకు తోసి, అక్కను తిత్తి కొట్టమన్నాను.

సగం మెట్టు పైకి జరగడమంటే వినడానికి చిన్నమాట. వేళ్ళన్నీ మళ్ళీ పుట్టాలి. పైగా సాంచలు నడుస్తున్నాయి, టేపు తన పాత పాటే పాడుతోంది, దానికి తోడుగా నేను పై శృతిలో వాయిస్తే పళ్ళు జివ్వుమనేవి. చివరికి టేపు మూసేసి, తలలో ఉన్నదాన్నే పైకెత్తి నేర్చుకున్నాను. చలికాలం వచ్చింది. మళ్ళీ కోరుట్ల. ఈసారి నమస్కారం పెట్టి తిన్నగా పియానో ముందు కూర్చుని సి మేజర్‌లో మొత్తం వాయించాను. ఆవిడ ఏదో అనబోతుండగానే, ఆపకుండా, సగం మెట్టు దించి నా సిరిసిల్ల శృతిలో కూడా మొదటి నుంచి చివరిదాకా వాయించి లేచాను. మీ మాట విన్నానే గానీ నాది విడిచిపెట్టలేదని తెలియాలి కదా.

ఆవిడ శభాష్ అనలేదు ఈసారి కూడా. నా పక్కకు బల్ల జరుపుకుని కూర్చుని, నా రెండు చేతులూ తీసుకుని తన చేతుల మీద పెట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. ఏ వేలు ఎప్పుడు లేస్తోంది, మణికట్టు ఎక్కడ మెత్తబడుతోంది, మెట్టును కొట్టడానికీ నొక్కడానికీ తేడా ఏమిటి, అన్నీ నా అరచేతికి తెలిశాయి. తెల్ల మెట్ల మీద నడిచేటప్పుడు నల్ల మెట్లను వాయించకపోయినా వేలి పక్కలతో తాకుతూ పోవచ్చని, అవి నాకు గట్లు అవుతాయని ఆ రోజే చెప్పింది. కాయితం మీది స్వరాలను వేళ్ళ అంకెలుగా మార్చి గట్టిగా చదివేది, నేను పట్టుకునేదాన్ని. ఆవిడకూ గుడ్డిపిల్లకు చెప్పడం కొత్తే, చాలా సంగతులు ఇద్దరం కలిసి తంటాలుపడి కనిపెట్టినవే. కొన్నిసార్లు పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడ వేళ్ళకు కీళ్ళవాతం వచ్చి వంకర తిరిగేదాకా, శనివారం వస్తే నేను కోరుట్ల బస్సులో ఉండాల్సిందే. అవ్వ కూడా తరువాత తరువాత, బస్సు తప్పిపోతుంది లేవండని మమ్మల్నే తిట్టేది.

ఆవిడ పోయి చాలాకాలమైంది. పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టినప్పుడు ఆ పియానోను ఎవరికిచ్చారో ఎవరూ చెప్పలేకపోయారు, చెదలు తినేసిందన్న మాట కూడా విన్నాను. సిరిసిల్లలో సాంచలు అప్పటంత లేవు, మా పాత ఇంటి గోడ అదరడం లేదు, కరెంటు రోజంతా ఒకే తీరున వస్తోంది. ఇప్పుడు ఫోనులోనే ఏ ముక్కనైనా శృతి చెడకుండా ఎంత కావాలంటే అంత నెమ్మదిగా వినవచ్చు, కాయితాన్ని చదివి చెప్పే యంత్రాలున్నాయి, గుడ్డివాళ్ళ కోసం చుక్కల స్వరలిపి ఇంటికే వస్తుంది. ఇవి లేక నేను పడ్డ పాట్లు ఇంకొకరు పడాలని నాకేమీ లేదు, రానివ్వండి, ఇంకా రావాలి. కానీ చేతుల కింద పెట్టడానికి చేతులు, తప్పును తప్పని చెప్పే గొంతు, ఇవి మాత్రం ఏ ఫోనులోనూ దొరకడం లేదు. దొరికేది మళ్ళీ ఆ పాత వరమే, ఆ పాత శభాషే, ఇప్పుడు కాస్త పెద్ద మైకులో.

ఆ రోజు జగిత్యాల సభ ముగిశాక ఆ కథలాపూర్ పిల్లను వాళ్ళమ్మ నా దగ్గరికి తీసుకొచ్చి, నా పాదాలకు వంచబోయింది. "జర దీవించుండ్రి మేడం, అందరు మస్తు మెచ్చుకుంటున్నరు" అన్నది. నేను ఆ పిల్ల భుజాలు పట్టి ఆపి, రెండో భాగంలో ఎడమచెయ్యి తప్పిందన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఈ ముసలిదానికి గుండె లేదనుకుని ఉంటారు. పిల్ల మాత్రం ఒక్క అడుగు ముందుకొచ్చింది.

"ఏడ తప్పిన?" అన్నది.

ఆ గొంతులో ఏడుపు లేదు, వణుకు లేదు, కోపం ఉంది. ఆ కోపం నాకు బాగా తెలిసినదే, కోరుట్ల నుంచి ఇంటిదాకా ఒకప్పుడు నాతో బస్సులో వచ్చింది. పాస్టరమ్మ ఉండి వింటే ఎంత బాగుండేదో అనిపించింది. అక్కడే కీబోర్డు ముందు కూర్చుని, దాని చేతులు రెండూ తీసుకుని నా చేతుల మీద పెట్టుకున్నాను.